ఆనందభైరవి గాంధారం, శాంపిల్ వయొలిన్లు: ఒక హోమ్ స్టూడియో కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆ సంగీత దర్శకుడు ఒప్పుకున్నాడు. పేరు, ఊరు, సినిమా వివరాలు తీసేశాను. మనుషుల్ని గుర్తుపట్టే అవకాశమున్న ఒకటి రెండు సంగతులు మార్చాను. సాంకేతిక విషయాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నా పని స్ట్రింగ్స్ (వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాలు) ప్రోగ్రామింగ్, మిక్సింగ్. ఇంట్లో కూర్చుని ఆర్కెస్ట్రా కట్టుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చి ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "స్ట్రింగ్స్ కీబోర్డులా వినిపిస్తున్నాయి, ఏ లైబ్రరీ కొనాలి?" లైబ్రరీ అంటే నిజమైన వాద్యకారులు వాయించిన స్వరాల రికార్డింగులు, అంటే శాంపిల్స్; వాటిని కీబోర్డుతో పలికిస్తాం. ఈ కేసు కూడా ఆ ప్రశ్నతోనే మొదలైంది. కానీ మధ్యలో ఒక రాగం అడ్డు నిలిచింది. మన రాగాల్లో ట్యూన్ చేసి, పడమటి ఆర్కెస్ట్రా శాంపిల్స్‌తో దానికి బట్టలు తొడిగే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ అడ్డు తగులుతుంది. అందుకే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

అతనికి ముప్పైకి దగ్గరలో వయసు. పగలు ఉద్యోగం, రాత్రి సంగీతం. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాడు, కీబోర్డు సొంతంగా పట్టుకున్నాడు. షార్ట్ ఫిల్ములకు చేస్తూ చేస్తూ మొదటిసారి పూర్తి నిడివి సినిమా దొరికింది. చిన్న బడ్జెట్, కొత్త దర్శకుడు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, రీపర్ (సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్), 49 కీల మిడి కీబోర్డు, ఒక జత స్పీకర్లు, మంచి హెడ్‌ఫోన్లు. డబ్బు పెట్టి కొన్న స్ట్రింగ్స్ లైబ్రరీ ఒకటి ఉంది. దాంతో పాటు స్పిట్‌ఫైర్ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ లాంటి తేలికపాటివి రెండు మూడు ఉన్నాయి. ఈ రోజుల్లో ఇంటి స్టూడియోకు ఇది తక్కువేమీ కాదు.

ఇబ్బందంతా ఒక్క సీన్ దగ్గర. అప్పగింతలు. తండ్రి కూతురి చేతిని అల్లుడి చేతిలో పెడతాడు. మూడున్నర నిమిషాల సీన్‌లో మాటలు చాలా తక్కువ, బరువంతా రీరికార్డింగ్ మోయాలి. అతను ట్యూన్‌ను ఆనందభైరవిలో కట్టాడు. మన పెళ్లి పాటల్లో ఎప్పటినుంచో వినిపించే రాగం కాబట్టి ఆ ఎంపిక నాకు చాలా నచ్చింది. పాడి వినిపించినప్పుడు ట్యూన్ నిజంగా మనసు పట్టుకుంది. ట్రాక్‌లో వింటే ఆ ట్యూన్ కనపడకుండా పోయింది.

అసలు ఫిర్యాదు

దర్శకుడు ఆ సీన్ కింద ఒక పెద్ద విదేశీ ఆర్కెస్ట్రా సంగీతాన్ని తాత్కాలికంగా పెట్టుకుని ఎడిట్ చేసుకున్నాడు. చెవికి అది అలవాటైపోయింది. మన వాడి ట్రాక్ విని, "ట్యూన్ సూపర్ బ్రో, కానీ పెళ్లి వీడియోలో కీబోర్డు వాయించినట్టుంది. గ్రాండ్‌గా కావాలి" అన్నాడు. అప్పటికే అతను రెండుసార్లు మార్చి పంపాడు, రెండుసార్లూ అదే మాట. ఇంకో పెద్ద లైబ్రరీ మీద డిస్కౌంట్ నడుస్తోంది, ముగిసేలోపు కొనాలా వద్దా అన్న టెన్షన్‌లో నాకు ఫోన్ చేశాడు. "అన్నా, రెండిట్లో ఏది మంచిదో చెప్పు చాలు" అన్నాడు.

కొనడం కాస్త ఆపమని, ఆడియో కాకుండా ప్రాజెక్టు ఫైలు పంపమని అడిగాను. ఆడియో వింటే ఎలా ఉందో తెలుస్తుంది. ఎందుకు అలా ఉందో మిడి నోట్లు (ఏ కీ ఎప్పుడు, ఎంతసేపు నొక్కాడో చూపే గుర్తులు) చూస్తేనే తెలుస్తుంది. ఏ లైబ్రరీ మంచిదన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఉన్నదాన్ని ఎంతవరకు వాడాడో ముందు తెలియాలి.

ఫైలులో కనపడినవి

వయొలిన్ సెక్షన్ ప్యాచ్ (లైబ్రరీలో ఒక వాద్య బృందపు శబ్దం) మీద కుడిచేత్తో మూడు, నాలుగు స్వరాల కార్డ్స్. వాటిలో పై స్వరమే ట్యూన్. ఎడమచేత్తో చెల్లో ప్యాచ్ మీద రెండు స్వరాలు. సస్టెయిన్ పెడల్ నొక్కే ఉంది. అన్ని నోట్లూ క్వాంటైజ్ అయి (కంప్యూటర్ సరిగ్గా తాళానికి లాగేసి) గ్రిడ్ మీద కూర్చున్నాయి. మాడ్ వీల్ (కీబోర్డు పక్కన ఉండే చక్రం) ఎక్కడా కదలలేదు.

ఈ కార్డ్స్ విషయం కొంచెం వివరిస్తాను, ఎందుకంటే కీబోర్డు నుంచి వచ్చిన వాళ్లందరి చేతులూ ముందు అక్కడికే వెళ్తాయి. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో మామూలుగా 16 మంది మొదటి వయొలిన్లు, 14 మంది రెండో వయొలిన్లు, 12 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బేస్‌లు ఉంటాయి. 16 మందిని కలిపి రికార్డు చేసిన ప్యాచ్‌లో ఒక కీ నొక్కితే 16 మంది పలుకుతారు. మూడు కీలు నొక్కితే 48 మంది. ప్రపంచంలో ఏ వేదిక మీదా 48 మంది మొదటి వయొలిన్లు కూర్చోరు. వింటున్నవాళ్లకు ఈ లెక్క తెలియదు గానీ చెవికి తెలుస్తుంది: మనుషులు విడివిడిగా కనపడరు, ఒక మందపాటి పొర కనపడుతుంది. దాన్నే మనం ప్యాడ్ అంటాం. దర్శకుడు "కీబోర్డు" అన్నది ఆ పొరనే.

అప్పటికే అతను చేసి చూసినవి

చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు, చాలా ప్రయత్నించాడు. ముందు నోట్ల వెలాసిటీలు (కీ ఎంత గట్టిగా కొట్టామన్న విలువలు) మార్చాడు. ఏ తేడా రాలేదు. చాలా లైబ్రరీల్లో పొడుగు స్వరాల శబ్దం వెలాసిటీ మీద ఆధారపడదు. దాన్ని నడిపేది సీసీ 1 (మిడి కంట్రోలర్ నంబరు 1), అంటే మాడ్ వీల్. వెలాసిటీ పొట్టి స్వరాలకు, కొన్నింట్లో లెగాటో (స్వరం నుంచి స్వరానికి తెగకుండా వెళ్లడం) వేగానికి పనికొస్తుంది. ఇది మాన్యువల్లో ఒక పేరాలో ఉంటుంది. అది తెలియక లైబ్రరీకే ప్రాణం లేదనుకున్నాడు.

తర్వాత రివర్బ్ పెంచాడు. అతని లైబ్రరీ పెద్ద హాల్లో రికార్డు చేసినది, హాలు మోత స్వరంతో పాటే వస్తుంది. దాని మీద ఇంకో హాల్ రివర్బ్ వేస్తే స్వరాల అంచులు కరిగిపోయి ప్యాడ్ గుణం ఇంకా పెరిగింది. ఆపైన మూడు లైబ్రరీల వయొలిన్లను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మందం వచ్చింది, స్పష్టత పోయింది. చివరికి హ్యూమనైజ్ కమాండ్‌తో నోట్లను అటూ ఇటూ జరిపాడు. అది ఆర్కెస్ట్రాలా కాక, తాళం సరిగ్గా రానివాళ్లు వాయించినట్టు తయారైంది. మనుషుల చేతుల్లో వచ్చే తేడాకు ఒక కారణం ఉంటుంది, వాక్యం ఎటు పోతోందో దాన్ని బట్టి వస్తుంది. యాదృచ్ఛికంగా జరిపితే ఆ కారణం ఉండదు.

ఈ నాలుగిట్లోనూ నాకు కనపడింది ఒకటే. ప్రతిసారీ శబ్దాన్ని మార్చడానికి చూశాడు, వాయించిన తీరును ముట్టుకోలేదు.

కొనాలా వద్దా తేల్చిన పరీక్ష

ఒక చిన్న పరీక్ష పెట్టాను. అదే లైబ్రరీలో చెల్లో సెక్షన్ ఒక్కటే తెరవాలి. పెడల్ లేదు, క్వాంటైజ్ లేదు, అదనపు రివర్బ్ లేదు. ట్యూన్‌లోని మొదటి ఎనిమిది బార్లను ఒకేసారి ఒకే స్వరం చొప్పున వాయించాలి, ఎడమచెయ్యి మాడ్ వీల్ మీద ఉండాలి. ముందు గొంతెత్తి పాడి, గొంతు ఎక్కడ పెరిగితే అక్కడ వీల్ పెంచాలి, ఊపిరి తీసుకున్న చోట తగ్గించాలి.

ఈ పరీక్ష మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒక్క గీత కూడా ప్రాణంతో పలకకపోతే లైబ్రరీ మార్చాల్సిందే. పలికితే, సమస్య ఇంకెక్కడో ఉంది. అతను గాత్రం నేర్చుకున్నవాడు కాబట్టి మూడో నాలుగో ప్రయత్నానికి చెల్లో పాడటం మొదలుపెట్టింది. అది అతనికే తెలిసింది. కొనే ఆలోచన ఆ రోజే పక్కకు పోయింది.

సీసీ 1 గురించి ఒక మాట. అది వాల్యూమ్ కాదు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా వాయించినప్పటి వేరువేరు రికార్డింగుల మధ్య అది మనల్ని నడిపిస్తుంది, అందుకే స్వరం రంగే మారుతుంది. ఉత్త వాల్యూమ్‌కు సీసీ 11 ఉంది. విలువలు 0 నుంచి 127 దాకా ఉంటాయి. ఈ సీన్‌లో ఎక్కువ భాగం 40 నుంచి 85 మధ్యే ఉండాలని, 100 దాటేది ఒక్కసారే, తండ్రి చెయ్యి వదిలే చోట మాత్రమే అని నియమం పెట్టుకున్నాం. దర్శకుడు అడిగిన "గ్రాండ్" అక్కడి నుంచే రావాలని నా ఉద్దేశం. మూడున్నర నిమిషాలూ గట్టిగా ఉంటే గట్టిదనం ఎవరికీ వినపడదు.

గీతలు విడదీయడం, ఆలస్యం సరిచేయడం

తర్వాత కార్డ్స్ అన్నీ చెరిపేసి ఐదు ట్రాకులు తెరిచాం: మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, బేస్‌లు. ఒక్కో ట్రాకులో ఒకసారికి ఒకే స్వరం. ప్రతి గీతనూ విడిగా వాయించాలి, కాపీ పేస్ట్ లేదు. కార్డ్ మారే చోట ఐదుగురూ ఒకేసారి కదలాల్సిన పని లేదు. వయోలాలు ముందే కదిలి ఎదురుచూడవచ్చు, రెండో వయొలిన్లు ఒక బీటు ఆలస్యంగా రావచ్చు. ఇలా రాస్తే శబ్దం పలచబడుతుందని అతను భయపడ్డాడు. పలచబడింది కూడా. అయితే లోపల కదలిక కనపడింది. ఆర్కెస్ట్రా పెద్దదిగా అనిపించేది ఆ కదలిక వల్లే.

విడదీశాక కొత్త చిక్కు బయటపడింది. కార్డ్స్ పొరలో ఇంతకాలం దాక్కున్న ఆలస్యం ఇప్పుడు వినపడసాగింది. లెగాటో ప్యాచ్‌లో కీ నొక్కగానే కొత్త స్వరం రాదు. పాత స్వరం నుంచి కొత్త స్వరానికి వాద్యకారులు జారిన ప్రయాణం కూడా రికార్డయి ఉంటుంది, ముందు అది పలుకుతుంది. ఈ పద్ధతిని 2000ల మొదట్లో వియన్నా సింఫోనిక్ లైబ్రరీ జనంలోకి తెచ్చాక శాంపిల్ స్ట్రింగ్స్ దశే మారింది. కాకపోతే ఆ ప్రయాణానికి సమయం పడుతుంది. క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) పక్కన స్ట్రింగ్స్‌ను బౌన్స్ చేసి వేవ్‌ఫారమ్‌లో కొలిచాం. పొట్టి స్వరాలు సుమారు 60 మిల్లీసెకన్లు, నెమ్మది లెగాటో సుమారు 250 మిల్లీసెకన్లు వెనకబడుతున్నాయి. ఈ క్యూ (సీన్‌కు చేసిన ఈ సంగీత భాగం) టెంపో 66, అంటే నిమిషానికి 66 బీట్లు. ఒక బీటు అంటే 909 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 227. అంటే లెగాటో గీత నాలుగో వంతు బీటు కన్నా ఎక్కువ వెనక నడుస్తోంది. గ్రిడ్ మీద నోటు కచ్చితంగా ఉన్నా వినడానికి ఈడ్చుకొస్తున్నట్టు ఉన్నది ఇందుకే.

పొట్టి స్వరాలు, పొడుగు స్వరాలు వేరే ట్రాకుల్లో పెట్టి, ఒక్కోదానికి దాని కొలత ప్రకారం ట్రాక్‌ను ముందుకు జరిపాం. అన్నిటికీ ఒకే సంఖ్య పెడితే కుదరదు. ఇది గంట పని. దీనివల్ల వచ్చిన మార్పు మాత్రం ఏ ప్లగిన్‌తోనూ రాదు.

గాంధారం దగ్గర ఆగిపోయాం

ఇంతవరకు చేసినవి ఎవరైనా చెప్పే విషయాలే. ఇప్పుడు ఆర్కెస్ట్రా ఆర్కెస్ట్రాలాగే ఉంది. రాగం మాత్రం రాలేదు.

ఆనందభైరవి ఆరోహణ స గ రి గ మ ప ద ప స. అందులో గ, అంటే సాధారణ గాంధారం, కీబోర్డు మీద ఒక కీ. పాటలో అది ఒక చోట నిలబడి ఉండదు, మధ్యమం వైపు ఊగుతూ, రిషభం మీదికి వాలుతూ ఉంటుంది. ఆ ఊపు తీసేస్తే మిగిలేది ఆనందభైరవి కాదు, మామూలు మైనర్ స్కేలు. అతను పాడితే అప్పగింతలు కనపడుతున్నాయి, వయొలిన్ సెక్షన్ పలికితే చావు సీన్ కనపడుతోంది. నిజంగా అంత తేడా ఉంది.

ముందు పిచ్ బెండ్‌తో ప్రయత్నించాం. బెండ్ పరిధి రెండు అర్ధస్వరాలు పెట్టి, అతను చక్రంతో గమకం (స్వరాన్ని ఊపే తీరు) పలికించాడు. చెయ్యి బాగానే తిరిగింది, శబ్దం మాత్రం టేపు సాగినట్టు వచ్చింది. కారణం ఆలోచించదగినది. నిజమైన హాల్లో వయొలిన్ జారితే, ఆ క్షణంలో పలికే స్వరం మాత్రమే జారుతుంది. గోడలకు తగిలి తిరిగొస్తున్న పాత స్వరం పాత చోటే ఉంటుంది. శాంపిల్‌లో హాలు మోత స్వరంతో కలిసే రికార్డయింది. బెండ్ తిప్పితే వయొలిన్లతో పాటు హాలు కూడా జారుతుంది. పైగా 16 మందీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వంపు తిరుగుతారు. రెండూ ప్రకృతిలో జరగనివి, చెవి వెంటనే పట్టేస్తుంది.

తర్వాత పోర్టమెంటో ప్యాచ్. అందులో జారుడు నిజంగా వాయించి రికార్డు చేసిందే, కాబట్టి టేపు గుణం లేదు. కానీ ఆ జారుడుకు ఒకే వేగం, ఒక చోట మొదలై ఇంకో చోట ఆగుతుంది. గమకానికి ఆగడం ఉండదు. మూడు జారుళ్లు వరసగా పేరిస్తే గమకం బదులు పాత విదేశీ సినిమాల్లోని సరసపు సన్నివేశం గుర్తొచ్చింది.

ఇక్కడ కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. శాంపిల్ అంటే ఎక్కడో ఒక హాల్లో కొందరు మనుషులు ఒక రోజు వాయించిన స్వరం. వాళ్లు వాయించింది మనం పలికించగలం, వాళ్లు ఎన్నడూ వాయించనిది మనం ఎంత చాకచక్యంగా తిప్పినా రాదు. వాళ్ల చేతుల్లో ఆ గాంధారం ఎప్పుడూ లేదు. అందుకని ప్రశ్న మార్చాం. "లైబ్రరీతో గమకం ఎలా పలికించాలి" అన్నది వదిలేసి, "ఈ క్యూలో ఏ స్వరాలు లైబ్రరీకి ఇవ్వాలి, ఏవి ఇవ్వకూడదు" అని వేసుకున్నాం. మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి.

ఒక్క నిజమైన వయొలిన్

గమకమున్న గీత మనిషికే ఇవ్వాలని తేలింది. చెన్నైలో స్ట్రింగ్ సెక్షన్‌ను బుక్ చేయడం, బుడాపెస్ట్ లేదా స్కోప్యే ఆర్కెస్ట్రాలతో ఆన్‌లైన్‌లో సెషన్ పెట్టడం మన పరిశ్రమకు కొత్త కాదు. ఈ సినిమా బడ్జెట్ అటువైపు చూడలేదు. అది ఉన్నా ఈ క్యూకు నేను ఒక్కరినే అడిగేవాణ్ణి. విదేశీ సెక్షన్‌కు నొటేషన్ పంపితే వాళ్లు లైబ్రరీలో వాయించినట్టే అద్భుతంగా వాయిస్తారు, గాంధారం కూడా అలాగే నిలబెడతారు.

అతని పాత గురువుగారి ద్వారా ఒక వయొలిన్ టీచరు గారు దొరికారు. కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తారు, సినిమాకు ఎప్పుడూ వాయించలేదు. ఆమె ముందు ట్రాక్ విని, "గాంధారాన్ని నిలబెట్టేశావు నాయనా, అది నిలబడే స్వరం కాదు కదా" అన్నారు. తర్వాత శృతి అడిగారు. క్యూ ఎఫ్‌లో ఉంది, అంటే నాలుగు శృతి. ఆమె వయొలిన్ రెండు శృతిలో స ప స ప అని కట్టి ఉంది. నాలుగుకు బిగిస్తే తీగ గట్టిపడి తన చేతికి గమకం అంత మెత్తగా రాదన్నారు.

ఇక్కడ లాభనష్టాలు చూసుకోవాల్సి వచ్చింది. డీకి దింపితే ఆమెకు హాయి, శాంపిల్ వయొలిన్లు కూడా కింద వెచ్చగా పలుకుతాయి. నష్టం బేస్‌ల దగ్గర. డబుల్ బేస్ మామూలుగా కింద E స్వరం దాకానే వెళ్తుంది. అదనపు తీగ లేదా ఎక్స్‌టెన్షన్ ఉన్న బేస్‌లు ఇంకా కిందికి వెళ్తాయి గానీ, ఈ లైబ్రరీలో బేస్ ఆ E తోనే ఆగిపోయింది. ఎఫ్‌లో ఉన్నప్పుడు అడుగు షడ్జమం పలికేది, డీకి దింపితే ఒక ఆక్టేవ్ పైకి ఎక్కించాలి. అంటే అడుగు బరువు పోతుంది. గమకం కోసం బరువు వదులుకోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. సీన్‌లో తండ్రి గొంతు బరువైనది, అడుగున ఖాళీ ఉంటే ఆ గొంతుకు చోటు దొరికింది. ఇది మేం ముందు ఊహించిన లాభం కాదు.

రికార్డింగ్ అతని పడకగదిలోనే జరిగింది. బట్టల బీరువా తలుపులు తెరిచి, మంచం మీది పరుపు గోడకు నిలబెట్టి, ఒక కండెన్సర్ మైక్‌ను ఆమె తలకు కొంచెం పైన మూడడుగుల దూరంలో పెట్టాం. దగ్గర పెడితే బో గీకుడు ఎక్కువవుతుంది, దూరం పెడితే గది దొరికిపోతుంది. హెడ్‌ఫోన్లో తంబూరా, పలచటి చెల్లో గైడు మాత్రమే ఇచ్చాం. క్లిక్ ఇవ్వలేదు. ఆమె తన ఊపిరితో వాయించాలి, తర్వాత ఆ ఊపిరికి శాంపిల్స్‌ను సర్దుకోవాలన్నది నిర్ణయం. శాంపిల్స్ ఎలాగూ మళ్లీ వాయించగలం, ఆమె చేత గ్రిడ్‌లో వాయిస్తే తెచ్చుకున్న ప్రాణమే పోతుంది. రికార్డింగ్ అయ్యాక ఆమె వాయించినదాన్ని బట్టి రీపర్‌లో టెంపో మార్కర్లు పెట్టుకుని, ఐదు గీతలూ అతను మళ్లీ వాయించాడు. అంత పనా అనిపించవచ్చు. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పని ఇదే.

ఒక ప్రయత్నం ఇక్కడ కూడా విఫలమైంది. ఆమె చేత అదే గీత నాలుగుసార్లు వాయించి కలిపితే చిన్న సెక్షన్ వస్తుందనుకున్నాం. పొడుగు షడ్జమం, పంచమం దగ్గర బ్రహ్మాండంగా కుదిరింది. గమకాల దగ్గర ప్రతిసారీ ఊపు కొంచెం వేరు, నాలుగూ కలిస్తే గాంధారం మసకబారింది. అందుకని గమకమున్న చోట ఒక్క టేకు, నిలబడే స్వరాల దగ్గర నాలుగు. ఒక్క వయొలిన్ నలుగురై మళ్లీ ఒక్కటవుతున్నా వినేవాళ్లకు ఎక్కడా అతుకు తెలియలేదు, శాంపిల్ సెక్షన్ కింద ఉండి దాన్ని మోసింది.

కింద ఏ స్వరాలు పెట్టాలి

మిక్సింగ్ కన్నా ముందు తేలాల్సింది ఇది. పాత వెర్షన్లో వయోలాలు గాంధారాన్ని పట్టుకుని ఉన్నాయి, అంటే డీ మైనర్ కార్డ్. పైన ఆమె గాంధారం మధ్యమం వైపు ఊగుతుంటే కింద నిలబడిన గాంధారం దానితో రాసుకుంటోంది. ఆమె శృతి తప్పినట్టు వినిపించేది, తప్పు కిందవాళ్లది. కాబట్టి శాంపిల్ గీతలన్నిటిలోంచి గాంధారాన్ని పూర్తిగా తీసేశాం. అది ఆమె సొత్తు.

మిగిలినవి స, రి, మ, ప, ద, ని. స ప అడుగున ఉండగా వయోలాలు రిషభం మీద నిలిస్తే తెరిచి ఉంచిన తలుపులా ఉంటుంది, సంతోషమో దుఃఖమో చెప్పదు. మ ద స కలిస్తే జీ మేజర్. ట్యూన్ మధ్యమం మీద ఆగిన చోట దాన్ని పెట్టగానే సీన్‌కు వెలుగొచ్చింది, ఏడుపు మధ్యలో పెళ్లి ఉందన్న సంగతి గుర్తొచ్చింది. ప ని రి కలిస్తే ఏ (A) మైనర్, అది ఒకే ఒక్క చోట వాడాం. మన ఇళ్లలో అప్పగింతలు అంటే బాధ ఒక్కటే కాదు, బాధా సంతోషమూ కలిసి ఉంటాయి. మైనర్ కార్డ్ అందులో సగాన్నే చెబుతోంది.

మిక్స్‌లో చేసింది తక్కువ. శాంపిల్స్‌లో దగ్గరి మైక్ తగ్గించి, కండక్టర్ తల పైన వేలాడే డెకా ట్రీ మైకులనే ముఖ్యంగా ఉంచాం. పొడి గదిలో రికార్డయిన ఆమె వయొలిన్‌కు మాత్రమే రెండు సెకన్ల హాల్ రివర్బ్ పంపి, పై అంచు కాస్త మెత్తబరిచాం. డైలాగ్ ఉన్న మూడు చోట్ల మొదటి వయొలిన్లను పూర్తిగా ఆపేశాం. తగ్గించడం కన్నా ఆపడం మేలు, తగ్గిన వయొలిన్లు కూడా మాటల స్పష్టత ఉండే చోటే అడ్డుపడతాయి.

కంప్యూటర్ గురించి క్లుప్తంగా: మధ్యమధ్య చిటపటలు వచ్చేవి. శాంపిల్ మొదలు మాత్రమే ర్యామ్‌లో ఉంటుంది, మిగతాది డిస్క్ నుంచి అప్పటికప్పుడు వస్తుంది. అతను లైబ్రరీని తిరిగే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీద ఉంచాడు. ఎస్‌ఎస్‌డీకి మార్చి, వాడని ఆర్టిక్యులేషన్లను (వాయించే తీరులను), మైకులను అన్‌లోడ్ చేసి, పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేస్తే (ఆడియోగా మార్చి పెడితే) 16 జీబీ సరిపోయింది. ఎస్‌ఎస్‌డీ, టీచరు గారి పారితోషికం కలిపినా కొనాలనుకున్న లైబ్రరీ ధర కన్నా చాలా తక్కువ.

దర్శకుడు విన్నాక

ఆడియో ఫైలు విడిగా పంపొద్దని, బొమ్మతో కలిపి, డైలాగులు ఉంచి చూపించమని చెప్పాను. తాత్కాలిక సంగీతానికి అలవాటైన చెవి విడి ట్రాక్‌ను దానితో పోల్చుకుంటుంది, బొమ్మ ఉంటే బొమ్మను చూస్తుంది. దర్శకుడు "గ్రాండ్‌గా ఉంది" అనలేదు, "ఇది మన పెళ్లి" అన్నాడు. ఒకే మార్పు అడిగాడు: చెయ్యి వదిలే చోట పెద్ద పొంగు రెండు సెకన్లు ఆలస్యంగా రావాలి. అది నిజంగా మంచి సూచన. టెంపో మార్కర్లు ఉన్నాయి కాబట్టి ఐదు గీతలనూ ఆ నాలుగు బార్లలో మళ్లీ వాయించి సరిచేశాం.

ఇప్పుడు నేను చేసే తీరు

ఈ కేసు తర్వాత ఎవరైనా లైబ్రరీ సలహా అడిగితే ముందు చెల్లో పరీక్ష పెడతాను, పాడగలిగిన వాళ్లయితే పాడిస్తాను. రాగం మీద కట్టిన క్యూ అయితే కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద స్వరాలు రాసి, నిలబడేవి ఏవో ఊగేవి ఏవో గుర్తు పెట్టుకుంటాను. నిలబడేవి సెక్షన్‌కు, ఊగేవి మనిషికి. మోహనంలోనో హంసధ్వనిలోనో కొన్ని ట్యూన్లకు ఊగే స్వరాలు తక్కువ పడతాయి, అక్కడ లైబ్రరీ ఒక్కటే చాలవచ్చు. తోడి లాంటి రాగంలో కాగితం మీదే తేలిపోతుంది, సెక్షన్‌కు ఇవ్వడానికి షడ్జమ పంచమాలు తప్ప పెద్దగా ఏమీ మిగలవు.

నిజమైన వాద్యకారుడు దొరకనివాళ్లూ ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది, గమకాన్ని నకలు చేయడానికి రాత్రుళ్లు ఖర్చుపెట్టకుండా ట్యూన్‌నే మార్చమని. గాంధారాన్ని దాటుకుపోయే వాక్యం రాయొచ్చు, లేదా గమకమున్న గీతను గొంతుతో ఆలాపనగా పెట్టొచ్చు. ఇంటి స్టూడియోలో గొంతు ఎప్పుడూ అందుబాటులో ఉండే వాద్యం.

ఈ క్యూలో తేలనిది ఒకటి ఉండిపోయింది. చివరి అరనిమిషంలో బండి కదులుతుంటే వేణువు రావాలని అతని కోరిక. లైబ్రరీలోని పడమటి ఫ్లూట్‌తో చేసి చూశాడు, సెక్షన్‌తో బాగా కలిసింది గానీ రాగం దగ్గర మళ్లీ అదే గొడవ. వేణువు వాయించేవాళ్లు గడువులోపు దొరకలేదు. ఆ అరనిమిషంలో ఫ్లూట్ తీసేసి, వయోలాలు పంచమం మీద, టీచరు గారి వయొలిన్ మంద్రంలో ఉంచి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టెమ్స్ (విడివిడి ఆడియో ఫైళ్లు) చేసి ఫైనల్ మిక్స్‌కు పంపించాం.